నారుమడి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండని వార్డెన్ గారు అడిగినప్పుడు ముందు తప్పించుకుందామనే చూశాం. మన హాస్టల్‌లో కవులకి కొదవ లేదు. అమ్మ మీద, అంబేడ్కర్ గారి మీద, మొదటిరోజు ట్రంకుపెట్టె మోసుకుంటూ గేటు దాటిన జ్ఞాపకం మీద ప్రతి ఏడూ మంచి రచనలే వస్తాయి. వాటి పక్కన నిలబడే శక్తి మాకు లేదు. కానీ 2024 నవంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా 8వ నంబరు గదిలో ఒక పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మేము పడ్డ పాట్లు రాసిపెడితే, వెనక వచ్చే తమ్ముళ్లకి అందులో సగమైనా తప్పుతాయనిపించింది. అందుకే ఇది.

మేము అంటే ముగ్గురం. ఒకడిది శ్రీకాకుళం వైపు, ఒకడిది ప్రకాశం, ఒకడిది అనంతపురం. ముగ్గురం ఎంసీఏ. ముగ్గురికీ ఇరవై మూడేళ్లు. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పాసైన మొదటివాళ్లం మేమే. ఈ వ్యాసం రాసిన చెయ్యి ఒక్కటే అయినా ఒక్కడి మాటగా రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఆరు నెలల్లో ఏ తప్పు ఎవడు చేశాడో, ఎవడు దిద్దాడో విడదీయడం ఇప్పుడు మావల్ల కాదు. కాబట్టి తప్పులన్నీ మావే.

చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేసి చూపించాలి. నగరంలో ప్రాజెక్టులు తయారుగా అమ్ముతారని మాకూ తెలుసు. ఆరు వేలు ఇస్తే కోడు, రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు అన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తారు. మా దగ్గర ఆరు వేలు లేవు. ఇది మా నిజాయితీ గురించి గొప్ప చెప్పుకోవడం కాదు. ఉంటే ఏం చేసేవాళ్లమో మాకే తెలియదు.

అప్పుడు వార్డెన్ గారు ఆఫీసు గదిలో బీరువా తెరిచి చూపించారు. పై అరలో మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టర్లు. గోడకి చెమ్మ దిగి రెండు రిజిస్టర్ల అట్టలు ఉబ్బిపోయాయి. కింది అరలో ఇలాంటి వార్షికోత్సవ సంచికలే, కట్టలు కట్టి ఉన్నాయి. "ఈ ఇంట్లో చదివి వెళ్లినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఎవరు ఏ సంవత్సరం ఉన్నారో చెప్పడానికి ఈ కాగితం తప్ప ఇంకేం లేదు. మీరేదో వెబ్‌సైట్లు చేస్తారట కదా, దీనికి ఒకటి చేయండి" అన్నారు. పాత విద్యార్థుల జాబితా, రీడింగ్ రూమ్ పుస్తకాల పట్టిక, పాత సంచికలు. ఈ మూడూ ఒక వెబ్‌సైట్‌లో పెడదామనుకున్నాం.

మొదట్లో మేము పని చేసిన పద్ధతి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా చోటిచ్చే సర్వర్ ఒకటి తీసుకున్నాం. కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని నేరుగా దానిమీదే కోడు రాసేవాళ్లం. ఒక లైను మార్చడం, సేవ్ చేయడం, పేజీ తెరిచి చూడడం. తప్పు రాస్తే లోకమంతటికీ తెల్లటి పేజీ కనిపించేది. లోకమంతా అంటే అప్పటికి మేము ముగ్గురమే అనుకోండి. అలాగే రిజిస్టర్లోని పేర్లు కూడా రోజుకి కొన్ని చొప్పున ఎక్కిస్తూ వెళ్లాం. మూడు వారాల్లో నాలుగు వందల పైచిలుకు పేర్లు ఎక్కాయి.

డిసెంబరులో ఒకరోజు సాయంత్రం ల్యాబ్ మూసే వేళ, ఒక పేరు రెండుసార్లు పడిందని గమనించాం. రెండోది తీసేయాలి. తీసేయమని ఆజ్ఞ రాశాం గానీ, ఏ వరుసను తీసేయాలో చెప్పే 'వేర్' అనే మాట రాయడం మరిచాం. ఆ మాట లేకపోతే డేటాబేస్‌కి అర్థమయ్యేది ఒక్కటే: అన్నీ తీసేయమని. నిజంగానే చేయమంటారా అని అది అడిగింది కూడా. ఇంగ్లీషులో అడిగే ప్రతి ప్రశ్నకీ చదవకుండా ఓకే నొక్కడం మాకు అలవాటు. నొక్కాం. రెప్పపాటు కూడా పట్టలేదు. నాలుగు వందల పేర్లూ పోయాయి. మా దగ్గర ఇంకో ప్రతి లేదు.

ఆ రాత్రి ముగ్గురం మెస్‌కి వెళ్లలేదు. వంట మాస్టారే గదికి వచ్చి, "ఏరా, పస్తుంటే పోయినవి తిరిగొస్తాయా?" అని మూడు ప్లేట్లు పెట్టి వెళ్లాడు. ఆరు వేల మాట మళ్లీ వచ్చింది ఆ రాత్రే. ఎవరెవరి దగ్గర ఎంత అప్పు పుడుతుందో లెక్క కూడా వేశాం.

మర్నాడు ల్యాబ్‌లో ప్రోగ్రామర్ అన్నతో చెప్పుకుంటే ఆయన తిట్టలేదు. "లోకల్‌లో చేసుకుని, సరిచూసుకుని, ఆ తర్వాత కదరా పైకి ఎక్కించేది?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. మాకు తెలిసిన లోకల్ అంటే లోకల్ రైలు, లోకల్ సరుకు. మా క్లాసులో నగరం నుంచి వచ్చిన పిల్లలందరికీ ఆ మాట ముందే తెలుసు. ఎవరు చెప్పారని అడిగితే, "ఇందులో చెప్పేదేముంది?" అన్నారు. చెప్పేదేముంది అనే చోటే మనలాంటివాళ్లం ఆగిపోతాం. ఆ మాట మాకు పుస్తకంలో కనిపించలేదు, ఇంట్లో చెప్పేవాళ్లు లేరు.

అన్న చెప్పినదాని సారాంశం ఇది. అసలు సర్వర్‌లో ఏమేమి ఉంటాయో వాటన్నిటినీ మన సొంత కంప్యూటర్‌లోనే పెట్టుకోవాలి. వెబ్‌సైట్ ముందు అక్కడే పుట్టి, అక్కడే నడక నేర్చుకోవాలి. పడినా లేచినా ఎవరూ చూడరు. గట్టిపడ్డాకే బయటికి పంపాలి. గదికి వచ్చాక శ్రీకాకుళం వాడు, "ఓస్, ఆకుమడే కదా!" అన్నాడు. వాళ్ల వైపు ఆకుమడి అంటారు, ప్రకాశం వాడు నారుమడి అంటాడు. ఎకరం పొలానికి ఐదు సెంట్ల మడి చాలు. నేరుగా ఎకరమంతా చల్లకుండా ముందు ఆ చిన్న మడిలో నారు పోసి, మూడు నాలుగు వారాలు కంటికి రెప్పలా చూసుకుని, తర్వాత పీకి నాట్లు వేస్తారు. మడిలో తెగులు కనిపిస్తే మడిలోనే బాగుచేసుకోవచ్చు. అనంతపురం వాడు మాత్రం, "మా వేరుశనక్కాయకి మడీ లేదు గిడీ లేదు, నేరుగా చేన్లోనే వేస్తాం. వాన మొహం చాటేస్తే విత్తనం కూడా మిగలదు" అన్నాడు. మేము డిసెంబరులో చేసింది సరిగ్గా ఆ వ్యవసాయమే.

మడికి ముందు నేల కావాలి కదా. మాలో ఒకడి అమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతో కొన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. పద్నాలుగు వేలు. నాలుగు జీబీ ర్యామ్. ఛార్జర్ తీస్తే ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. అప్పటిదాకా అందులో నోట్సు చదవడం తప్ప ఏమీ చేసేవాళ్లం కాదు. ఏదైనా నొక్కితే పాడైపోతుందేమో, వాయిదాలు ఇంకా తీరలేదు అని భయం. ఈ భయం గురించి ఏ పుస్తకంలోనూ రాయరు. ల్యాప్‌టాప్ పాడైతే ఇంకోటి వస్తుందనుకునే ఇంటి పిల్లలు నేర్చుకునే వేగం వేరు, మన వేగం వేరు. తెలివి తక్కువై కాదు, చెయ్యి వెనక్కి లాగే అప్పు ఒకటి ఉంటుంది.

ఎక్సాంప్ అనే సాఫ్ట్‌వేర్ దించుకోమన్నాడు అన్న. ఉచితమే. నూట యాభై ఎంబీ దాకా ఉంటుంది. గదిలో సిగ్నల్ రాదు కాబట్టి డాబా మీదికెక్కి ఫోన్ హాట్‌స్పాట్‌తో దించాం. అందులో ముఖ్యంగా మూడు ఉంటాయి. వాటి పని మన మెస్‌తో పోల్చి చెప్పుకుంటే తేలిగ్గా అర్థమైంది. ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డ కుర్రాడు బ్రౌజర్. కౌంటర్ దగ్గర గరిటె పట్టుకుని, ఎవడికేం కావాలో విని అందించేవాడు అపాచీ. లోపల పొయ్యి దగ్గర వండేది పీహెచ్‌పీ. బియ్యం, పప్పులు లెక్కగా దాచిపెట్టిన స్టోర్ రూమ్ డేటాబేస్. కుర్రాడు నేరుగా స్టోర్ రూమ్‌లోకి పోకూడదు. వండేవాడు నేరుగా వరుసలోకి రాడు. ఎవరి పని వారిది.

డేటాబేస్ పేరు మైఎస్‌క్యూఎల్. 'మై' అంటే ఇంగ్లీషులో 'నా' అనుకున్నాం. కాదు, దాన్ని తయారుచేసిన మాంటీ విడేనియస్ అనే ఆయన కూతురి పేరు 'మై'. తర్వాత అదే ఆయన దాని నుంచి వేరుపడి 2009లో మొదలుపెట్టినదానికి చిన్న కూతురు పేరు కలిపి మారియాడీబీ అని పెట్టాడు. ఎక్సాంప్‌లో ఇప్పుడు ఉండేది అదే. కూతుళ్ల పేర్లు పెట్టుకున్న పనిముట్లను లోకానికి ఉచితంగా ఇచ్చారని తెలిసినప్పుడు, ఎక్కడో తెలియని ఒక ఇంటివాళ్లు మా గదికి వచ్చినట్టనిపించింది.

అన్నీ పెట్టుకున్నాం, అపాచీని మొదలుపెట్టాం. మొదలైనట్టే అయి ఆగిపోయింది. ఎర్ర అక్షరాలతో ఏదో చెప్పింది. ఈసారి ఓకే నొక్కలేదు. నిఘంటువు దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా చదివాం. 80వ పోర్టుని అప్పటికే ఇంకెవరో వాడుకుంటున్నారని దాని అర్థం. పోర్టు అంటే గది నంబరు లాంటిది. కంప్యూటర్ ఒక పెద్ద హాస్టల్ అనుకోండి, 65,535 దాకా గదుల నంబర్లు ఉంటాయి. వెబ్‌సైట్లకి అలవాటుగా ఇచ్చే గది 80. డేటాబేస్‌కి 3306. మా 80వ నంబరు గదిలో ఎవరున్నారా అని వెతికితే సాక్షాత్తూ విండోస్ సిస్టమే తిష్ట వేసుకుని ఉంది. సొంత ఇంటాయనని ఖాళీ చేయమనలేం కదా. అపాచీ సెట్టింగుల ఫైలు తెరిచి, 80 అని ఉన్న రెండు చోట్ల 8080 అని మార్చి మళ్లీ మొదలుపెట్టాం. పచ్చరంగు వెలిగింది.

బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి, పక్కన 8080 చేర్చాం. పేజీ వచ్చింది. ఫోన్‌లో డేటా ఆపేసి మళ్లీ కొట్టాం. అయినా వచ్చింది. ఇంటర్నెట్ లేకుండా వెబ్‌సైట్ రావడం అదే మొదటిసారి చూడటం. లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1 అనే చిరునామా. ఏ కంప్యూటర్‌లో కొడితే ఆ కంప్యూటర్‌కే చేరుతుంది, తన ఉత్తరం తనకే రాసుకున్నట్టు. ఆ వారం ఫోన్‌లో నాన్న అడిగాడు, "ఆ వెబ్‌సైటు ఏ ఊర్లో ఉందిరా?" అని. "మన ల్యాప్‌టాప్‌లోనే నాన్నా" అంటే నమ్మలేదు. "పద్నాలుగు వేలకి అది కూడా వస్తుందా?" అన్నాడు.

ఈ సంగతి విని వార్డెన్ గారు బీరువా అడుగు నుంచి ఒక సీడీ తీసిచ్చారు. 2013లో మన హాస్టల్ సీనియర్లు ఇలాంటి వెబ్‌సైటే మొదలుపెట్టి, పూర్తికాకుండానే చదువులైపోయి వెళ్లిపోయారట. మా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు. బజారులో డీటీపీ షాపు ఆయన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. తెరిచి చూస్తే లాగిన్, వెతుకులాట పేజీలు, జాబితా పేజీలు దాదాపు అన్నీ ఉన్నాయి. సగం పని తప్పిందని గంతులేశాం. నడిపి చూస్తే మొదటి పేజీలోనే ప్రాణం పోయింది. డేటాబేస్‌తో కలిపే ఆజ్ఞ ఏదైతే ఉందో, అలాంటి ఆజ్ఞే లేదు పొమ్మంది.

కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. సీనియర్లు వాడిన ఆజ్ఞల్ని ఇక వాడొద్దని 2013లోనే పీహెచ్‌పీ 5.5 వచ్చినప్పుడు హెచ్చరించారు. 2015 డిసెంబరులో 7వ వెర్షన్ వచ్చేసరికి పూర్తిగా తీసేశారు. మా దగ్గరున్నది 8. సీనియర్ల తప్పేం లేదు. వాళ్లు రాసిన రోజున అది నడిచింది. వాళ్ల కాలేజీ పుస్తకంలో అదే ఉంది. మా కాలేజీ పుస్తకంలోనూ అదే ఉందన్నది వేరే సంగతి. కొత్త పద్ధతి నేర్చుకుని పేజీ తర్వాత పేజీ మార్చుకుంటూ పోయాం. అలా మారుస్తుంటే ఒకచోట కోడు మధ్యలో ఎవరో తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టుకున్నారు: ఇక్కడ కరెంటు పోయింది, రేపు చూడాలి అని. ఆ రేపు పన్నెండేళ్లకి మా వంతుకి వచ్చింది.

తర్వాతి చిక్కు తెలుగు అక్షరాలతో. పేరు తెలుగులో టైపు చేసి సేవ్ చేస్తే, తిరిగి తెరిచేసరికి వరుసగా ప్రశ్నార్థకాలు. అందరి పేర్లూ ప్రశ్నలే. పాత పట్టికలన్నీ 'లాటిన్1' అనే లిపి ఏర్పాటుతో తయారయ్యాయి. అందులో ఉన్నవే 256 చోట్లు, అవన్నీ యూరపు భాషల అక్షరాలకే సరిపోయాయి, తెలుగుకి కుర్చీ లేదు. తెలియని అక్షరం వస్తే అది ప్రశ్నార్థకం పెట్టేసి ఊరుకుంటుంది. ఒకసారి ప్రశ్నార్థకంగా దాచాక అసలు అక్షరం మళ్లీ రాదు. మైఎస్‌క్యూఎల్‌లో చాలా ఏళ్లు మొదటి నుంచీ ఉండే అమరిక ఇదే. 2018లో 8వ వెర్షన్ వచ్చాకే అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 మామూలు అమరిక అయింది. యూనికోడ్‌లో మన తెలుగుకి 128 చోట్లు కేటాయించారు, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడేసి బైట్లు పడుతుంది.

మేము పట్టిక మార్చాం. అయినా ప్రశ్నార్థకాలే. తర్వాత తెలిసింది, అక్షరం దాటాల్సిన గుమ్మాలు చాలా ఉన్నాయని. పేజీ, పీహెచ్‌పీకి డేటాబేస్‌కి మధ్య దారి, డేటాబేస్, పట్టిక. ఈ నాలుగు చోట్లా ఒకే మాట చెప్పాలి. ఒక్క గుమ్మం దగ్గర మరిచినా అక్షరం లోపలికి రాదు. మేము మధ్య దారిని మరిచాం. దాన్ని సరిచేశాక రాత్రి ఒంటిగంటకి తెరమీద మొదటి తెలుగు పేరు పడింది. అది 'బెండకాయ'.

ఎందుకంటే ఈసారి మడిలో అసలు పేర్లు వేయకూడదని ఒట్టు పెట్టుకున్నాం. పరీక్షించడానికి కూరగాయల పేర్లు ఎక్కించాం. బెండకాయ, తండ్రి పేరు టమాటా, ఊరు సంతపేట. వంకాయ, తండ్రి పేరు బంగాళాదుంప. జూనియర్లు పడీ పడీ నవ్వారు గానీ ఇందులో న్యాయం ఉంది. అసలు మనుషుల వివరాలతో ఆటలాడకూడదు. బెండకాయని వందసార్లు చెరిపినా ఎవరి బతుకూ చెరిగిపోదు.

పాత సంచికల సంగతి ఇంకా విచిత్రం. డీటీపీ షాపులో టైపు చేసిన ఫైళ్లు కొన్ని దొరికాయి. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ కలగలిసిన గందరగోళం. ఆ రోజుల్లో యూనికోడ్ కాకుండా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లు వాడేవారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగు, లేనిచోట చెత్త. అందుకని సంచికలను మాత్రం ఫోటోలు తీసి పెట్టాం, ఒక్కో వ్యాసం శీర్షికా తెలుగులో మళ్లీ టైపు చేశాం.

ఇక అసలు పని మిగిలింది. రిజిస్టర్ మళ్లీ ఎక్కించాలి. వార్డెన్ గారికి పోయిన సంగతి చెప్పడానికి వారం భయపడ్డాం. చెప్పాక ఆయన ఒక్కటే అన్నారు. "పుస్తకం ఉంది కదరా. అసలు ఉన్నంతవరకు నకలు మళ్లీ రాసుకోవచ్చు."

మొదటిసారి టైపు చేసినప్పుడు పేరు, ఊరు, సంవత్సరం గబగబా కొట్టుకుంటూ పోయాం, ఎవరినీ చదవలేదు. రెండోసారి పద్ధతి మార్చాం. ఒకడు పైకి చదవాలి, ఒకడు టైపు చేయాలి, ఒకడు సరిచూడాలి. పైకి చదివేసరికి చివరి గడి వినబడటం మొదలైంది. 'రిమార్కులు' అనే గడి. చాలాచోట్ల 'చదువు పూర్తి' అని ఉంది. కొన్నిచోట్ల అలా లేదు. 'తండ్రి చనిపోయినందున వెళ్లెను.' 'పనికి పోయెను.' 'సెలవుకు వెళ్లి తిరిగి రాలేదు.' ఒకే చేతిరాత, ఒకే నీలి సిరా. ఒక పేజీలో వరుసగా ముగ్గురిది 'పనికి పోయెను' అని ఉంది. ముగ్గురిదీ ఒకే ఊరు. ఆ రాత్రి ఆ పేజీ దగ్గర ఆపేసి పడుకున్నాం.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాం. రాస్తున్నాం. 2025 సంక్రాంతికి ఊళ్లకి వెళ్లాం. ఇద్దరమే తిరిగి వచ్చాం. ప్రకాశం వాడి నాన్న క్వారీలో రాయి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పెద్దకొడుకు కాబట్టి వాడు గ్రానైట్ పాలిష్ పనికి కుదిరాడు. రోజూ ఫోన్ చేసేవాళ్లం. మొదట ఎత్తేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రాత్రి ఎత్తాడు. ఏం మాట్లాడాలో తెలియక, "రిజిస్టర్‌లో నీ రిమార్కు గడిలో ఏం రాయమంటావురా?" అని అడిగాం. అటు నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత పెట్టేశాడు.

మర్నాడు పొద్దున వార్డెన్ గారు వాళ్లింటికి ఫోన్ చేసి నాన్నతో మాట్లాడారు. మేనమామ వచ్చి ఆ నాలుగు నెలలు ఇల్లు చూసుకుంటానన్నాడట. పదిరోజులకి వాడు సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర కనిపించాడు. వేళ్ల సందుల్లో ఇంకా రాతి పొడి ఉంది. ఏమీ అనలేదు. కూర్చుని, "ఏ పేజీ దాకా వచ్చింది?" అని అడిగాడు.

మార్చిలో రివ్యూ. చూసిన సారు పనిని మెచ్చుకున్నారు. చివర్లో ఒక సలహా ఇచ్చారు. మధ్యలో మానేసినవాళ్ల పేర్లు తీసేయండి, ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లవే ఉంచితే చూడటానికి బాగుంటుంది అని. సారుకి ఎదురు చెప్పడం మాకు అలవాటు లేదు. అయినా ఆరోజు వాడే నోరు తెరిచాడు. "వాళ్లు కూడా ఇక్కడి మెస్‌లో తిన్నవాళ్లే సార్" అన్నాడు. సారు మా మొహాలు చూసి, సరే మీ ఇష్టం అన్నారు. అందుకని మన వెబ్‌సైట్‌లో ఆ రిజిస్టర్లోని పేర్లన్నీ ఉన్నాయి. రిమార్కుల గడి మాత్రం బయటికి కనపడదు. ఫోన్ నంబర్లు కనపడవు. ఎవరి కష్టం వాళ్లు చెప్పుకోవాలి గానీ మనం గోడకి అంటించకూడదు.

నాట్ల రోజు కూడా ఒక దెబ్బ తగిలింది. కాలేజీ వాళ్లు ఇచ్చిన సర్వర్ లినక్స్‌ది. పైకి ఎక్కించగానే సగం బొమ్మలు కనపడలేదు. మా దగ్గర అన్నీ శుభ్రంగా వచ్చాయి కదా అని తల గోక్కున్నాం. ఫైలు పేరు పెద్ద అక్షరంతో పెట్టి, కోడులో చిన్న అక్షరంతో రాశాం. విండోస్ రెండూ ఒకటే అనుకుంటుంది, లినక్స్‌కి అవి ఇద్దరు వేరు మనుషులు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడాయే లేని భాషలో పుట్టినవాళ్లం, మాకేం తెలుసు! మడి నేలా పొలం నేలా ఒకటి కాకపోతే నారు వాడుతుందని అప్పుడు తెలిసింది.

తమ్ముళ్లారా, పెద్దవాళ్లమైపోయామని కాదు గానీ, దెబ్బలు తిన్న గుర్తుగా ఐదు మాటలు చెప్తాం.

1. అసలు సర్వర్ మీద ఎప్పుడూ నేరుగా చెయ్యి పెట్టకండి. ముందు మీ కంప్యూటర్‌లో చేసి చూసుకోండి. ల్యాప్‌టాప్ లేకపోతే 8వ నంబరు గది ఉంది.

2. ఎర్ర అక్షరాలు తిట్లు కావు. ఏం తప్పు జరిగిందో, ఏ ఫైల్లో, ఏ లైనులో అని చెప్పే ఉత్తరాలు. నిఘంటువు పెట్టుకుని చదవండి. చదవకుండా ఓకే నొక్కకండి.

3. ఏ వెర్షన్ల మీద పని చేశారో కాగితం మీద రాసి పెట్టండి. పన్నెండేళ్ల తర్వాత వచ్చేవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు.

4. కోడుని గిట్‌లో దాచండి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన ఈ పనిముట్టు ఏ రోజు ఏం మార్చారో గుర్తుంచుకుంటుంది. ముగ్గురూ ఒకే ల్యాప్‌టాప్ మీద చేస్తే మాలాగా అన్ని తప్పులూ ఒకే పేరున పడతాయి, అది వేరే సంగతి.

5. డేటాబేస్‌ని ప్రతి రాత్రి ఫైలుగా దించి రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరేచోట.

మా రెండో పెన్‌డ్రైవ్ వార్డెన్ గారి బీరువాలో, అడ్మిషన్ రిజిస్టర్ పక్కనే ఉంది. వెర్షన్ల కాగితం దానికే చుట్టి రబ్బర్ బ్యాండ్ వేశాం. సీనియర్ల సీడీని కూడా అక్కడే ఉంచాం, పారేయకండి. రీడింగ్ రూమ్ పుస్తకాల పట్టిక ఇంకా సగమే అయింది. మెస్ లెక్కల పేజీ మొదలే పెట్టలేదు. మా చదువులు అయిపోవచ్చాయి. ఈ ఏడు చేరిన తమ్ముళ్లలో ఎవరైనా రాత్రి స్టడీ అవర్ అయ్యాక వస్తే బెండకాయ దగ్గర నుంచి చూపిస్తాం.

బీరువా తాళం వార్డెన్ గారిని అడగండి, ఇస్తారు. మూడు ప్లేట్ల అన్నం పెట్టిన వంట మాస్టారికి, మా అర్ధరాత్రి లైటుని చూసీ చూడనట్టు పోనిచ్చిన వాచ్‌మన్ తాతకి, డ్వాక్రా అప్పు తీర్చిన అమ్మకి మా నమస్కారాలు.